అవతలి కుర్చీ

మా పరుపుల కొట్టుకి వచ్చేవాళ్లలో సగం మంది పరుపుల కోసం రారు. పోట్లాడుకోవడానికి వస్తారు. అది కూడా మాతో కాదు, ఇంట్లోవాళ్లతోనో, పక్క కొట్టువాళ్లతోనో, మేడ మీద వాళ్లతోనో. నేను టేపు మెడలో వేసుకుని, "అమ్మా, మంచం వెడల్పెంత?" అని అడుగుతానా, "మంచం సంగతి తర్వాత, ముందు మీ అత్తని పిలువు, ఈయనతో తాడో పేడో తేల్చుకోవాలి" అంటారు. చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండిపోతుంది. నాకు ఓపిక తక్కువ. మా ఇంటి ఓపికంతా అత్తకే పోయింది, మిగతావాళ్లకి చిల్లర కూడా మిగల్లేదు.

అత్త అంటే మా నాన్నకి అక్క. కొట్టు ఆమె భర్తదీ, మా నాన్నదీ కలిపి. మావయ్య దూది చూస్తాడు, నాన్న బేరాలు చూస్తాడు, అత్త కుడుతుంది, నేను కొలతలు రాసుకుంటూ వీళ్లందరినీ భరిస్తాను. కొట్టంతా ఒకటే పొడుగాటి గది. వీధివైపు రెండు షట్టర్లు. ఎడమ చివర దూది ఏకే మిషను, అక్కడ మావయ్య. కుడి చివర ఫోనూ, గుడ్డ నమూనాలూ, అక్కడ నాన్న. మధ్యలో పందొమ్మిది అడుగుల బల్ల. దానికి సరిగ్గా సగంలో ఒక ఎత్తు స్టూలు, దాని మీద అత్త, ఆమె చేతిలో జానెడు దబ్బనం. ముప్పై ఏళ్లుగా ఆ స్టూలు అంగుళం కదల్లేదు.

ఆమె వెనక గోడవారగా రెండు కుర్చీలుంటాయి, ఒకటి ఇనపది, ఒకటి చెక్కది. పోట్లాటకి వచ్చినవాళ్లు వాటిలోనే కూర్చోవాలి. కూర్చోగానే అత్త దారం పళ్లతో తెంపి, "లేవండి, మారండి" అంటుంది. ఇక నువ్వు అవతలివాడి కుర్చీలో అవతలివాడివి. "నేను" అనే మాట్లాడాలి, కానీ అతనై మాట్లాడాలి. అతని బాధ అతనికంటే బాగా చెప్పాలి. వింటున్నవాడికి రెండే మాటలు, "అవును", "కాదు". మూడు అవునులు పడేదాకా వదలదు. తర్వాత రెండోవాడి వంతు. అంతే, తీర్పూ గీర్పూ ఏమీ లేదు. "మరి ఎవరిది తప్పమ్మా?" అని ఎవరైనా అడిగితే, "నేను కుట్టుకునేదాన్ని, నాకేం తెలుసు" అంటుంది.

ఈ విద్య ఆమె ఎక్కడా నేర్చుకోలేదు, పొరపాటున అబ్బింది. పెళ్లయి కొట్లో అడుగుపెట్టిన మొదటి వారంలో కుట్టుపనివాళ్లిద్దరు కిటికీ పక్క చోటు కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారట. ఒకాయన పొడుగు, ఒకాయన పొట్టి. పొడుగాయనకి చూపు మందగించింది, వెలుతురు కావాలి. పొట్టాయనకి దూది దుమ్ముకి దగ్గు, గాలి కావాలి. ఆ వేళకి మావయ్య సరుకు కోసం వెళ్లాడు. అత్తకి ఎవరు ఎవరో తెలియదు. యజమాని భార్యని కదా, ఏదో ఒకటి అడగాలని పొడుగాయనతో, "దగ్గు ఎన్నాళ్లుగా ఉందండీ మీకు?" అంది.

ఆయన తెల్లబోయాడు. కొత్తగా వచ్చిన పిల్ల, కాదంటే చిన్నబోతుందేమోనని, "ఆర్నెల్లుగా తల్లీ, పొద్దుట పూట మరీ ఎక్కువ" అని అవతలివాడి దగ్గుని తన నెత్తినేసుకున్నాడు. అత్త పొట్టాయన వైపు తిరిగి, "మరి మీ కళ్లో?" అంది. ఆయనా మొహమాటస్తుడే. "దారం ఎక్కించాలంటే మా మనవరాలిని బతిమాలుకోవాల్సి వస్తోందమ్మా" అన్నాడు. పావుగంట సేపు ఒకరి రోగం ఒకరు చెప్పుకున్నారు. అందులో లీనమైపోయి పొడుగాయన నిజంగానే దగ్గేశాడు. పొట్టాయన పగలబడి నవ్వాడు. తాము కుట్టే చిన్న బల్లని అడ్డంగా తిప్పితే కిటికీ ఇద్దరికీ సరిపోతుందని వాళ్లకే తట్టింది. తను మనుషుల్ని తారుమారు చేశానని అత్తకి సాయంత్రానికి గానీ తెలియలేదు. ఇంకొకరైతే సిగ్గుపడి ఊరుకునేవాళ్లు. ఆమె మర్నాడు రెండు కుర్చీలు తెచ్చి వేసింది.

అప్పటి నుంచి ఆ కుర్చీల్లో జరిగినవి చెప్పాలంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. మందుల షాపాయన, సైకిళ్లు బాగుచేసే ఆయన గుమ్మం ముందు చోటు కోసం ఏడాదిగా ఎడమొహం పెడమొహంగా ఉండేవాళ్లు. మందులాయన సైకిళ్లాయన కుర్చీలో కూర్చుని పంక్చరు పడిన పిల్లల బాధ గురించి ఎంత చెప్పాడంటే, లేచి వెళ్లేటప్పుడు తన మెట్టు మీద గాలి పంపు పెట్టుకోమని తనే చోటిచ్చాడు. ఇంకో రోజు గురక పెట్టే మొగుడూ, నిద్ర లేని పెళ్లామూ వచ్చారు. ఆవిడ ఆయన కుర్చీలో కూర్చుని, మాటలతో పని లేదని, కళ్లు మూసుకుని గురక మొదలుపెట్టింది. మా మిషను తాత, అంటే దూది ఏకే పెద్దాయన, మిషను పాడైందనుకుని పరుగెత్తుకొచ్చాడు. మొగుడు గుడ్లప్పగించి విన్నాడు. "ఇదా నేను?" అన్నాడు. రెండే మాటలని అత్త గుర్తుచేసింది. "అవును" అన్నాడు పాపం, చాలా చిన్నగా.

అందరికీ ఇదే మందు వేస్తుందనుకోకండి. ఒకసారి పెళ్లాం మీద చెయ్యి చేసుకున్నవాడొకడు నవ్వుకుంటూ వచ్చి ఇనప కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు. "నీకు ఇక్కడ కుర్చీ లేదు" అంది అత్త. ఆ అమ్మాయిని ఆ పూటే తీసుకెళ్లి పుట్టింట్లో దింపి, వాళ్లన్నని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్లి కాగితం రాయించింది. కుర్చీలు సమానంగా ఉన్నవాళ్లకేనని నాతో అంది. నాకు అర్థమైంది.

సరే, ఇక మా ఇంటి రామాయణానికి వస్తాను.

నాన్న ఫర్నిచరు ప్రదర్శనకని వెళ్లి చంకలో అరచేతి మందం ఫోమ్ ముక్క పెట్టుకుని వచ్చాడు. అంతే, ఫోమ్ ఆయన తలకెక్కింది. వచ్చినవాళ్ల చేతికల్లా అదిచ్చి, "నొక్కండి. వదలండి. చూశారా, ఎలా లేచిందో" అనేవాడు. భోజనాల దగ్గర నొక్కేవాడు. ఫోన్లో మాట్లాడుతూ నొక్కేవాడు. ఇక మీదట దూది మానేసి ఫోమే అమ్మాలన్నాడు. మావయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆయనకి దూది అంటే ప్రాణం. "అది పరుపట్రా? గిన్నెలు తోముకునేది" అన్నాడు. ఆ మాట నాన్నకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

అప్పటి నుంచి నాలుగు నెలలు నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకే బల్లకి అటొకరు ఇటొకరు నిలబడి నా ద్వారా మాట్లాడుకునేవాళ్లు.

"అమ్మాయ్, మీ నాన్నని ఆ కత్తెర ఇటివ్వమను."

"చిట్టితల్లీ, కత్తెర ఖాళీ లేదని మీ మావయ్యకి చెప్పు."

"ఖాళీగానే ఉందిగా, నాకు కనపడుతోంది అని చెప్పు."

"కనపడితే నడిచొచ్చి తీసుకోమను."

నేను కత్తెర తీసుకెళ్లి నా డబ్బాలో పెట్టుకుని తాళం వేశాను. రెండు రోజులు ఎవరూ ఏమీ కత్తిరించలేదు. అయినా దిగిరాలేదు. చివరికి ఒక విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. గది మధ్యలో గోడ కట్టేయాలి. ఎడమ షట్టరు మావయ్యది, కుడి షట్టరు నాన్నది. మేస్త్రి వచ్చి కొలిచాడు. గోడ సరిగ్గా బల్ల సగంలోంచి, అంటే అత్త స్టూలు మీదుగా వెళ్తుంది. బల్లని రంపంతో కోయాలి. గురువారం పని మొదలుపెడతానన్నాడు.

మావయ్య అత్త పక్కకొచ్చి, "నువ్వెటూ నా వైపే కదే" అన్నాడు. ఆయన అటు వెళ్లగానే నాన్న వచ్చి, "నువ్వు నా వైపుంటావని నాకు తెలుసక్కా" అన్నాడు. అత్త తలెత్తకుండా కుట్టుకుంటూ పోయింది. ఎటు కూర్చున్నా రెండోవాళ్లని వదులుకున్నట్టే. ఒకరు కట్టుకున్నవాడు, ఒకరు ఎత్తుకుని పెంచిన తమ్ముడు. గురువారంలోగా ఆమె ఏదో ఒకటి చేయాలి, లేకపోతే స్టూలు ఎటో ఒకవైపు జరపాలి.

సోమవారం పొద్దున్నే ఆమె రెండు కుర్చీలూ బల్ల ముందుకి లాగింది. "ఊరందరికీ వేశాను, మీకెందుకు వేయకూడదు? కూర్చోండి. లేవండి. మారండి." ఆమె మొహంలో ధీమా చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. కుర్చీలు ఉండగా గోడేమిటి అనుకున్నాను.

ముందు మావయ్య. మొదట్లో వెక్కిరింతగానే మొదలుపెట్టాడు. "నేను ఫోమ్ గాణ్ణి. నొక్కితే లేస్తాను." "కాదు" అన్నాడు నాన్న, మూతి ముడుచుకుని. మావయ్య కాస్త సర్దుకున్నాడు. ఆలోచించాడు. "మూడో అంతస్తులో ఉండే ముసలమ్మ దూది పరుపు ఎండలో వేయలేదు. ఎత్తలేదు. దులపలేదు. ఫోమైతే ఒక్క చేత్తో తిప్పుకుంటుంది" అన్నాడు. "అవును" అన్నాడు నాన్న. మావయ్యకి ఊపొచ్చింది. దుమ్ము లేదన్నాడు, మిషను తాత ఊపిరితిత్తులన్నాడు, నడుం నొప్పులన్నాడు. చేతులు తిప్పుతూ ఎక్కడికో వెళ్లిపోయాడు. నాన్న మూడు అడిగితే ఏడు అవునులిచ్చాడు.

తర్వాత నాన్న దూది పక్షం అందుకున్నాడు. పదేళ్లు వాడినా విప్పి, ఏకి, మళ్లీ కుడితే దూది కొత్తగా లేస్తుందన్నాడు. ఫోమ్ పాడైతే పెంటకుప్పకి పోవాల్సిందేనన్నాడు. పసిపిల్ల పక్క తడిపితే ఎండకి ఆరేది దూదే అన్నాడు. చెప్తూ చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు. మావయ్యా తుడుచుకున్నాడు. బావాబావమరుదులు కావలించుకున్నారు. కొట్టంతా చప్పట్లు. అత్త టీ తెప్పించింది. మేస్త్రిని రావద్దని చెప్పాలని ఇద్దరూ అన్నారు, అవతలివాళ్లు చెప్తారని ఇద్దరూ ఊరుకున్నారు.

మంగళవారం పొద్దున షట్టరు ఎత్తేసరికి మావయ్య చంకలో ఫోమ్ దిమ్మ ఉంది.

నాన్న భుజం మీద దూది మూట ఉంది.

"ఇది వద్దు బావా" అన్నాడు నాన్న, ఫోమ్ వైపు చెయ్యి చూపించి. "రాత్రంతా ఆలోచించాను. గిన్నెలు తోముకునేది అది."

"నువ్వు ఏ కాలంలో ఉన్నావురా?" అన్నాడు మావయ్య. "నొక్కు. వదులు. చూశావా?"

ఒట్టు, ఒక్క ముక్క కల్పించి చెప్పడం లేదు. ఇద్దరూ ఒకర్నొకరు ఎంత బాగా ఒప్పించుకున్నారంటే, అటుది ఇటు, ఇటుది అటు అయింది. అదే పోట్లాట, అదే గొంతులు, మనుషులే మారారు. మధ్యాహ్నానికి మళ్లీ నా ద్వారా కత్తెర అడగడం మొదలైంది. అత్త సాయంత్రం ఇంకోసారి కుర్చీలు వేసింది. ఈసారి ఇంకా బాగా ఒప్పించుకున్నారు. బుధవారం పొద్దున్నకి మావయ్య దూది మనిషి, నాన్న ఫోమ్ మనిషి. పాపం ఒక టీచరమ్మ, మూడు రోజులూ వరసగా వచ్చింది. మూడు రోజులూ మావయ్యే ఆవిడకి సలహా చెప్పాడు, దూదనీ, ఫోమనీ, మళ్లీ దూదనీ. నాలుగో రోజు ఆవిడ మా కొట్టు తప్పించుకుని ఎదురు వరసలో నడవడం నేను చూశాను. మిషను తాత ఏ రోజు ఎవరికి వత్తాసు పలకాలో తెలియక నన్నడిగి చొక్కా గుండీ పెట్టుకునేవాడు. నేను నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. అత్త మాత్రం నవ్వలేదు. ఆమె విద్య ఎంత బాగా పనిచేసిందంటే, ఇక దేనికీ పనికిరాకుండా పోయింది.

గురువారం మేస్త్రి ఇటుకలతో దిగాడు. వెనక గోడ నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నానికి మోకాలెత్తు గోడ బల్ల దాకా తెచ్చాడు. రంపం తీసి పక్కన పెట్టుకుని, చేతులు దులుపుకుని, చాలా మర్యాదగా, "అమ్మా, ఆ స్టూలు కాస్త జరుపుతారా?" అన్నాడు.

"ఇటు" అన్నాడు మావయ్య.

"ఇటక్కా" అన్నాడు నాన్న.

అత్త లేచింది. దబ్బనం బల్లకి గుచ్చింది. స్టూలు ముట్టుకోలేదు. అటు చూసింది, ఇటు చూసింది. నాకు నవ్వంతా ఎగిరిపోయింది. నాకు ఊహ తెలిశాక ఆమె చేతులు ఊరికే వేలాడుతుండగా చూడటం అదే మొదలు.

"కుర్చీలు తెచ్చుకోండి" అంది చివరికి. "ఇవాళ ఒకరి తరఫున ఒకరు వద్దు. ఇద్దరూ నా తరఫున మాట్లాడండి. అవునో కాదో నేను చెప్తాను."

ఇద్దరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఇదేం పెద్ద పనన్నట్టు కూర్చున్నారు.

"నాకు ఇల్లు చల్లగా ఉంటే చాలు" అన్నాడు మావయ్య.

"కాదు."

"నాకు అందరూ కలిసుండాలి" అన్నాడు నాన్న, గెలిచేసినట్టు మొహం పెట్టి.

"కాదు."

నేను నోరు వెళ్లబెట్టాను. ఆ ఒక్కటీ అవుననుకున్నాను నేను కూడా. నాకు దూది ఇష్టం, కాదు. నాకు ఫోమ్ ఇష్టం, కాదు. నాకు మా ఆయనంటే భయం. దానికి ఆమె సమాధానం చెప్పలేదు గానీ పనివాళ్లంతా నవ్వారు. నాకు విశ్రాంతి కావాలి, కాదు. నాకు కొత్త స్టూలు కావాలి, కాదు. మిషను తాత ఉండబట్టలేక, "అమ్మకి టీ కావాలేమో" అన్నాడు. "కాదు. అయినా తెప్పించు" అంది అత్త. పదకొండు కాదులు లెక్కపెట్టాను. మేస్త్రి కూడా తాపీ కింద పెట్టి, ఇటుక మీద కూర్చుని తన వంతుగా రెండు చెప్పాడు. అవీ కాదే.

పదకొండు తర్వాత ఎవరికీ ఏమీ తోచలేదు. ఒకాయన ముప్పై ఏళ్లు కాపురం చేశాడు, ఒకాయన ఆమె చేతి ముద్ద తిని పెరిగాడు. వాళ్ల మధ్య ఆ స్టూలు ఖాళీగా ఉంది.

మావయ్య కుర్చీలోంచి లేచి, ఆ స్టూలు మీద కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నాడో, ఆలోచించే కూర్చున్నాడో తెలియదు. ఎడమవైపు చూశాడు. కుడివైపు చూశాడు. మళ్లీ ఎడమవైపు చూశాడు. మెడ పట్టుకున్నాడు.

"నాకు మెడ నొప్పి" అన్నాడు.

"అవును" అంది అత్త.

ఎవరో కిసుక్కుమన్నారు. అత్త నవ్వలేదని చూసి వాళ్లూ ఆపేశారు.

"వీడి మాట అటు తిరిగి వినాలి, ఆయన మాట ఇటు తిరిగి వినాలి" అన్నాడు మావయ్య, నెమ్మదిగా. "ఊళ్లోవాళ్లవీ వినాలి. నా మాట ఎవరూ..." ఆగిపోయాడు.

"అవును" అంది అత్త.

నాన్న నేల మీదకి దిగి, ఆ మోకాలెత్తు గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. తల ఎత్తలేదు. "నాకు కోపం వస్తోంది" అన్నాడు. "ఇవాళ కాదు, ఎప్పటి నుంచో వస్తోంది. ఈ ఇద్దరి మీదా వస్తోంది. నేనే కోప్పడితే ఇక ఈ కొట్లో ఆపేవాళ్లు ఎవరున్నారని మింగుతున్నాను. వీళ్లకేమో నాకు కోపమే రాదని నమ్మకం."

అత్త బల్ల అంచు పట్టుకుంది. తర్వాత, "అవును" అంది. మూడోది.

మూడు పడ్డాయి కదా, అయిపోయిందనుకున్నాం. అప్పుడే మొదలైంది. మా అత్త కోప్పడింది. ఏం కోప్పడింది, ఏం కోప్పడింది. దూది అమ్మినా ఫోమ్ అమ్మినా కుట్టేది నేనైతే నన్నొక్కడైనా అడిగాడా అంది. ఆ ముసలమ్మకి ఫోము, పసిపిల్ల ఉన్న ఇంటికి దూది, రెండూ అమ్మి చావడానికి మీకేం రోగం అంది. నా బల్ల కోస్తారా, నా బల్ల, అని ఆ బల్లని అరచేత్తో కొట్టింది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లింది, పెళ్లినాటి దాకా వెళ్లింది, నాన్న మూడో తరగతిలో చెప్పిన అబద్ధం దాకా వెళ్లింది. తడి తువ్వాళ్లు మంచం మీద పడేయడం దగ్గర మావయ్య "అది..." అనబోతే, "రెండే మాటలు" అంది. "అవును" అన్నాడు మావయ్య. ముప్పావుగంట సాగింది. వీధిలో పోయేవాళ్లు రెండు షట్టర్ల దగ్గరా గుమిగూడారు. మందులాయన గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చాడు, ఆమె తాగి మళ్లీ అందుకుంది. రాజీ చేద్దామని ఒక్కడు ముందుకు రాలేదు. నాకైతే గాల్లో తేలిపోతున్నట్టుంది. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మేస్త్రి, "అమ్మా, ఈ గోడ..." అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు? కట్టించినవాళ్లని అడుగు" అంది.

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. మావయ్యా, నాన్నా ఇద్దరూ వంగి ఒక్కొక్క ఇటుకా ఊడదీయడం మొదలుపెట్టారు. మేస్త్రి సాయం రాబోతే వద్దన్నారు. వాళ్లు తలా ఒక చివర నుంచి వస్తూ ఏదో గుసగుసగా వాదించుకుంటున్నారని గమనించి, మళ్లీ ఏం మునిగిందోనని దగ్గరికెళ్లి విన్నాను.

"నన్నే ఎక్కువ తిట్టింది" అంటున్నాడు నాన్న.

"నీ మొహం. నావి తువ్వాళ్లే పది నిమిషాలు" అంటున్నాడు మావయ్య.

తేలలేదు. ఇద్దరూ చేతులకి సిమెంటుతోనే అత్త దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఆమె స్టూలెక్కి కూర్చుని, బల్లకి గుచ్చిన దబ్బనం లాగి, దారం ఎక్కించుకుంటోంది.

"ఇంకా మిగిలుంది" అంది తలెత్తకుండా. "రేపు ఇద్దరూ పెందలాడే రండి."